కార్తీకంలో ఎత్తిపోతల చూసొద్దామా!

కార్తీకమాసం వస్తోందంటే చాలు, వనభోజనాల హడావుడి మొదలవుతుంది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో ఉండే మనకి ఎప్పుడూ ఊరి చివరి మామిడితోటే గుర్తొస్తుంది. ఈసారి కాస్త దూరమైనా ఎత్తిపోతల వెళ్ళి చూడండి. పొద్దున్నే బయల్దేరితే రాత్రికి ఇల్లు చేరొచ్చు.

సూర్యాపేట, కోదాడ వాళ్ళు మిర్యాలగూడ చేరుకుని, అక్కణ్ణుంచి హాలియా మీదుగా నాగార్జునసాగర్ వెళ్ళాలి. మన వైపు వరిపొలాలకి నీళ్ళిచ్చేది సాగర్ ఎడమ కాలువే కదా! 1955లో నెహ్రూగారు శంకుస్థాపన చేసిన ఆ డ్యామ్‌కి 26 గేట్లున్నాయి. మనం తినే అన్నానికి నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో పిల్లలకి చూపించండి. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఆ నీళ్ళ అడుగునే ఉందనీ చెప్పండి. అక్కడి తవ్వకాల్లో దొరికిన శిల్పాల్ని నాగార్జునకొండ మీది మ్యూజియంలో భద్రపరిచారు.

సాగర్ దగ్గర కృష్ణ దాటి, మాచర్ల రోడ్డులో సుమారు 11 కిలోమీటర్లు వెళ్తే ఎత్తిపోతల. కొండల మధ్య చంద్రవంక 70 అడుగుల ఎత్తునుంచి దూకుతుంది. వానలు బాగా కురిసిన ఏడు ఆ అందం చూసి తీరాల్సిందే! కింద మడుగులో మొసళ్ళుంటాయి. స్నానాలంటూ దిగకండి, పిల్లల చెయ్యి వదలకండి.

ఇక భోజనాల సంగతి. పేరుకి వనభోజనమేగానీ, మనకి మాత్రం వంటిల్లు చెట్టు కిందికి మారుతుంది, అంతే. అందరూ జలపాతం చూస్తుంటే మనం పొయ్యి ఊదుతూ కూర్చోవడమేనా? అడవిలో నిప్పు పెట్టడమూ మంచిది కాదు. అందుకే అన్నీ ఇంటి దగ్గరే చేసేసుకోండి. పులిహోరకి అన్నం వెడల్పాటి పళ్ళెంలో ఆరబోశాకే కలపండి, పాడవదు. దద్దోజనంలో గోరువెచ్చని పాలు పోసి చెంచాడు పెరుగు కలిపితే, మధ్యాహ్నానికి పులవకుండా కమ్మగా తోడుకుంటుంది. సర్వపిండి, చపాతీలు ఎలాగూ నిలవుంటాయి. స్టీలు డబ్బాలు, విస్తరాకులు చాలు. ప్లాస్టిక్ కవర్లు తీసుకెళ్ళినా తిరిగి ఇంటికే తెచ్చేయండి. కోతులు తినేస్తాయి, పాపం.

వండింది మనం కాబట్టి వడ్డన, సర్దడం మగవాళ్ళకీ పిల్లలకీ అప్పగించండి. ముందురోజే ఆ మాట చెప్పేయండి. సంవత్సరానికి ఒక్కరోజైనా మనమూ తీరిగ్గా కూర్చుని ఆ నీళ్ళ హోరు వినొద్దూ? ఏమంటారు?