అది మా ఆట కాదురా!

హాస్టల్లో చదివే రోజుల్లో నా గదిలో ఒక గోండు కుర్రాడుండేవాడు. పేరు చెప్పను. ఇప్పుడు టీచరు, చెబితే నన్ను బతకనివ్వడు!

హాస్టల్ డే వచ్చింది. నలుగురం కలిసి "కోయ డాన్సు" వేద్దామనుకున్నాం. మనకి తెలిసిన కోయ డాన్సు ఏముంటుంది? తెర మీద చూసిందే. నడుముకి ఆకులు, మొహానికి మసి, నెత్తిన ఈకలు, మధ్యలో మంట, చుట్టూ "హొయ్ హొయ్" గంతులు. వాణ్ని ముందు నిలబెడితే ఒరిజినల్‌గా ఉంటుందని బతిమాలాం. వాడు నవ్వలేదు.

"గది మా ఆట కాదురా. మాది గుస్సాడి. దీపావళికి ఆడతం. నెమలీకల టోపీ పెట్టుకున్నడంటే వాడు మనిషి కాదు, దేవుడు. అన్ని రోజులూ స్నానం గూడ చెయ్యడు" అన్నాడు.

విన్నామా? లేదు. ఆకులు కట్టుకుని గెంతాం. ఫస్ట్ ప్రైజు వచ్చింది... స్టీలు టిఫిన్ డబ్బా! హాలంతా చప్పట్లు. వాడొక్కడూ కొట్టలేదు.

చాన్నాళ్ల తర్వాత, 2020 అక్టోబరులో మళ్లీ వాడితో పేచీ పడ్డాను. 'ఆర్ఆర్ఆర్' టీజర్లో కొమరం భీం నెత్తిన ముస్లింల టోపీ కనిపించింది. ఆదిలాబాద్ ఆదివాసులు అభ్యంతరం చెప్పారు. నేనసలే జూనియర్ ఎన్టీఆర్ అభిమానిని. "సినిమా రానీరా, కారణం ఉంటుంది" అని ఫోన్లో దబాయించాను. 2022 మార్చి 25న సినిమా వచ్చింది. కారణం ఉంది! భీం ఢిల్లీలో అఖ్తర్ అనే మారుపేరుతో తిరుగుతాడు. ఆట వదిలీ వదలగానే ఫోన్ చేశాను, గెలిచానని.

"సరే, ఒప్పుకున్న" అన్నాడు వాడు. "ఆ కొరడా పాటకి నేను గూడ ఏడ్చిన. మరి తెర మీద భీం కొట్లాడింది ఎవరితోటి?"

"బ్రిటిష్ వాళ్లతో."

"మా భీం ఎవరితోటి కొట్లాడిండు?"

నిజాం సర్కారుతో. జల్, జంగల్, జమీన్ అన్నాడు. అడవీ నీళ్లూ భూమీ మావే అన్నందుకు 1940లో జోడేఘాట్ దగ్గర పోలీసు తూటాలకి కూలిపోయాడు. ఇది నాకు తెలియక కాదు. తెలిసీ సినిమా హాల్లో గుర్తురాలేదు, అదీ సంగతి! కల్పిత కథ అని దర్శకుడు ముందే చెప్పాడు, ఆయన్ని తప్పుపట్టను. కానీ మా వాడి బాధ వేరు. "మీకు కథ కల్పితం. మాకు ఆయన ఇంటి మనిషి. రేపు మా బడి పిల్లలకి ఏ భీం గుర్తుంటడు?"

అల్లాణి శ్రీధర్ 1990లోనే 'కొమరం భీం' తీశారు. భీంగా భూపాల్‌రెడ్డి వేశారు. ఆ చిత్రం జనం ముందుకి వచ్చేసరికి 2010 అయింది. మీలో ఎందరు చూశారు? నేను చూసిందీ మా వాడు తిట్టాకే.

పంతం కొద్దీ నన్ను గుంజాల తీసుకెళ్లాడు. నార్నూరు మండలంలో చిన్న ఊరు. గోండీకి సొంత లిపి ఉందంటే అప్పటిదాకా నమ్మలేదు నేను. ఆ లిపిలో రాసిన పాత ప్రతులు దొరికింది ఆ ఊళ్లోనే. 2018లో కంప్యూటర్ల యూనికోడ్‌లోకి 'గుంజాల గోండీ' అనే పేరుతోనే చేరింది. 2011 జనాభా లెక్కల్లో గోండీ తల్లిభాష అన్నవాళ్లు 29 లక్షల పైమాటే. అయినా రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లో దానికి చోటు లేదు. దారిలో మా వాడు చిత్తుకాగితం మీద నా పేరు ఆ అక్షరాల్లో రాసిచ్చాడు. తలకిందులుగా పట్టుకున్నాను. చాలాసేపు నవ్వాడు. గోండు అనేది బయటివాళ్లు పెట్టిన పేరనీ, తమని తాము కోయితూర్ అనుకుంటారనీ అప్పుడే చెప్పాడు. ఒకే గదిలో మూడేళ్లున్నాం, నేనెప్పుడూ అడగలేదు!

మొన్న దీపావళికి వాళ్ల ఊరు వెళ్లాను. డప్పులు, తుడుం మోగుతున్నాయి. ఒంటికి బూడిద, భుజాన మేకతోలు, నెత్తిన నెమలీకలతో గుస్సాడీలు వరసగా వస్తుంటే పెద్దా చిన్నా లేచి నిలబడ్డారు. నేనూ లేచాను. చప్పట్లు కొట్టాలో దణ్ణం పెట్టాలో తోచక చేతులు గాల్లోనే ఉండిపోయాయి.

మా వాడు పక్కకొచ్చి చెవిలో అడిగాడు.

"ఆ టిఫిన్ డబ్బా ఇంకా ఉందారా?"