వేటపాలెం పాత పేపర్లు

జీడిపిక్కలు కాల్చే పొగ, గుంట మగ్గాల దగ్గరి గంజి వాసన, దండేల మీద ఆరీ ఆరని నూలు వాసన, ఇవన్నీ కలిసిన గాలే మా వేటపాలెం గాలి. బడి నుంచి రాగానే నానమ్మ పక్కన చేరి కండెలు చుట్టేసి, దీపాలవేళకి పెదనాన్న వెంట సారస్వత నికేతనానికి పరిగెత్తేవాళ్లం. 1918లో వెలసిన గ్రంథాలయం అది. భవనానికి గాంధీగారు 1929లో పునాదిరాయి వేశారని పెదనాన్న ఎన్నిసార్లు చెప్పినా కొత్తగా వినేవాళ్లం. అక్కడ పాత పత్రికలు కట్టలుగా భద్రంగా ఉండేవి. ఎక్కడెక్కడి వాళ్లో వచ్చి, తాతలనాటి సంగతులు వాటిల్లో వెతికి రాసుకుపోయేవారు.

1975 జూన్‌లో ఎమర్జెన్సీ వచ్చింది, పత్రికల మీద సెన్సారు పెట్టారు. పేపరు రావడం మానలేదు గానీ పెదనాన్న దాన్ని ఇట్టే మడిచేసేవారు.

"అప్పుడే చదివేశారా పెదనాన్నా?"

"ఉన్నదంతా చదివాన్రా. లేనిదే ఎక్కువుంది."

1977 మార్చిలో ఎమర్జెన్సీ ఎత్తేశాక, ఆ ఎండాకాలం రాత్రుళ్లు వాకిట్లో మంచాలేసుకుని పడుకుంటే, ఆయన జార్జ్ ఆర్వెల్ '1984' నవలని మాకు కథగా చెప్పారు. ఆర్వెల్ మన బీహార్‌లోని మోతీహారిలో పుట్టాడనీ, క్షయతో తీసుకుంటూనే స్కాట్లాండులో జూరా అనే దీవిలో కూర్చుని ఇది రాశాడనీ, 1949లో పుస్తకం వచ్చిన మరుసటి జనవరికే పోయాడనీ చెబుతుంటే ఆయన గొంతు పూడుకుపోయేది.

కథానాయకుడు విన్‌స్టన్ స్మిత్ ఉద్యోగం విని మేం లేచి కూర్చున్నాం. పాత పత్రికల్లో ప్రభుత్వం చెప్పిన మాట ఇవాళ తప్పని తేలితే, ఆ పాత మాటనే దిద్ది మళ్లీ అచ్చేయించాలి. అసలు ప్రతి మంటల్లోకి పోతుంది. చాక్లెట్ రేషను వారానికి 30 గ్రాముల నుంచి 20కి తగ్గిస్తారు. మర్నాడే, 20కి పెంచినందుకు దేశాన్నేలే 'పెద్దన్న'కి దణ్ణాలు పెడుతూ జనం ఊరేగుతారు.

కిరసనాయిలు కోసం వరసలో నిలబడొచ్చిన నానమ్మ చీకట్లోంచి అడిగింది: "నిన్నటి లెక్క ఒక్కడికీ గుర్తులేదుట్రా?"

"గుర్తున్నా అనకూడదమ్మా," అన్నారు పెదనాన్న.

తర్వాత నేనే ఆ పుస్తకం చదువుకున్నాను, ఇప్పటికీ చదువుతూంటాను. మీరూ చదవండి. మధ్యలో విన్‌స్టన్ చదివే గ్రంథం, పెద్దన్న శత్రువు గోల్డ్‌స్టీన్ పేర ఉన్నది, నిదానంగా సాగుతుంది, దాటెయ్యకండి. యుద్ధం ఎందుకు ఎప్పటికీ ఆగదో అక్కడే తెలుస్తుంది. ఇంటర్ దాటిన పిల్లలకీ ఇవ్వండి. తనని పట్టించింది కూతురేనని విన్‌స్టన్ పొరుగువాడు పార్సన్స్ గర్వంగా చెప్పుకునే చోటికి వచ్చేసరికి మాత్రం, పక్కన పెద్దవాళ్లెవరైనా ఉంటే మంచిది.