అరచేతి తూకం

కంప్యూటరు విడిభాగాలు కొని సొంతంగా బిగించుకునేవాళ్ళం ప్రాసెసరు గురించి నెల్లాళ్ళు చదువుతాం. గ్రాఫిక్స్ కార్డు గురించి స్నేహితులతో పోట్లాడతాం. మెమరీ దగ్గర యాభై రూపాయలకు బేరమాడతాం. వీటన్నిటికీ ప్రాణవాయువు అందించే ఎస్‌ఎంపీఎస్ మాత్రం క్యాబినెట్టుతో పాటు ఊరికే వస్తుంది కదా అని ఊరుకుంటాం. నేనూ ఆ కోవలోని వాణ్ణే. ఊరికే వచ్చినదాని ఖరీదెంతో 2008 వేసవిలో తెలిసొచ్చింది.

మా నాన్నకు గుంటూరు జిల్లాలోని మా ఊళ్ళో మోటారు వైండింగు దుకాణం ఉండేది. పొలాల్లో కాలిపోయిన మోటార్లను విప్పి, మాడిన తీగ లాగేసి, కొత్త రాగి చుట్టి, వార్నిష్ పట్టించి ఆరబెట్టేవాడు. ఒకే ట్రాన్స్‌ఫార్మరు మీద దాని శక్తికి మించి మోటార్లు నడిచేవి, వోల్టేజి పడిపోయేది, పడిన కొద్దీ మోటార్లు ఎక్కువ కరెంటు లాగి వేడెక్కి కాలేవి. మా ఇంటి అన్నం లో-వోల్టేజి పెట్టిన అన్నం అని నాన్న నవ్వుతూ అనేవాడు. ఆ అన్నంలోంచి మిగిల్చిన రూ. 20,000 నా చేతిలో పెట్టి కంప్యూటరు కొనుక్కోమన్నాడు.

నాకున్న ఆశ పెద్దది, డబ్బు చిన్నది. ఆ మధ్యే, 2007లో, ఇంటెల్ వాళ్ళు పెంటియం డ్యూయల్ కోర్ ఈ2160 అనే చవక ప్రాసెసరును విడుదల చేశారు. దాని అసలు వేగం 1.8 గిగాహెర్ట్జులు. బస్సు వేగాన్ని 200 నుంచి 333కు పెంచితే 9తో హెచ్చించి సరిగ్గా 3 గిగాహెర్ట్జులు వస్తుంది. అంటే పేదవాడి జీతంతో జమీందారీ అన్నమాట. దానికి తగ్గ పీ35 బోర్డు, జీఫోర్స్ 8600 జీటీ కార్డు కొన్నాను. ఇక మిగిలింది క్యాబినెట్టు. విజయవాడలో ఒక దుకాణంలో రూ. 1,200కు, ముందు నీలం దీపాలు వెలిగేది ఒకటి దొరికింది. లోపల ఎస్‌ఎంపీఎస్ బిగించే ఉంది. దాని మీద బంగారు రంగు అక్షరాలతో 450 వాట్లు అని రాసి ఉంది.

ఇంటికి తెచ్చి బిగించేటప్పుడు నాన్న ఆ డబ్బాను స్క్రూలు విప్పి బయటకు తీయించాడు. అరచేతిలో పెట్టుకుని రెండుసార్లు ఎగరేసినట్టు ఊపాడు.

"దీంట్లో రాగి లేదురా అబ్బాయ్" అన్నాడు.

ఇది మోటారు కాదు నాన్నా, దీని పద్ధతి వేరు, ఎక్కువ ఫ్రీక్వెన్సీ మీద నడుస్తుంది కాబట్టి ట్రాన్స్‌ఫార్మరు చిన్నదైనా చాలు అని వివరించాను. నేను చెప్పింది శాస్త్రరీత్యా నిజమే. అందుకే మరీ సిగ్గుగా ఉంటుంది ఇప్పుడు తలుచుకుంటే. ఆయన "సరే, నీకు తెలుసుగా" అని డబ్బా తిరిగి ఇచ్చేశాడు.

నిజానికి ఆ డబ్బా మీదే అంతా రాసి ఉంది, నేను చదవలేదు. 3.3 వోల్టుల మీద 28 ఆంపియర్లు, 5 వోల్టుల మీద 30, 12 వోల్టుల మీద 15. వీటినీ, మిగిలిన చిల్లర వోల్టేజీలనూ విడివిడిగా హెచ్చించి కూడితే 438 వాట్లు వస్తుంది. మిగతా 12 వాట్లు తయారీదారు అభిమానం కొద్దీ కలిపినవి. ఆ గరిష్ఠాలన్నీ ఏకకాలంలో ఇవ్వగలదని ఎక్కడా లేదు. పైగా పాతకాలపు బోర్డుల్లో ప్రాసెసరు 5 వోల్టుల మీద బతికేది. 2000లో నాలుగు పిన్నుల 12 వోల్టుల ప్లగ్గు వచ్చాక ఆ భారం క్రమంగా 12 మీదికి మారిపోయింది. నాకు కావలసిన బలం 12 దగ్గర, ఆ డబ్బా గొప్ప చెప్పుకున్న బలం 5 దగ్గర.

ఎంత కావాలో ఆనాడు వేసుకోని లెక్క ఇది. ప్రాసెసరు తినే కరెంటు వేగంతో పాటు పెరుగుతుంది, వోల్టేజి విషయంలో మాత్రం దాని వర్గంతో పెరుగుతుంది. 1.8 నుంచి 3కు పోవడమంటే 1.67 రెట్లు. 1.25 వోల్టుల నుంచి 1.4కు పోవడమంటే 1.25 రెట్లు. రెండూ హెచ్చిస్తే రెట్టింపు దాటుతుంది. ఇంటెల్ చెప్పిన 65 వాట్లు 136 అవుతుంది, బోర్డులో వృథా అయ్యేది కలిపితే 150 పైనే, అంటే 12 వోల్టుల మీద 13 ఆంపియర్లు. గ్రాఫిక్స్ కార్డుకు 4, డిస్కుకూ ఫ్యాన్లకూ 2 వేసుకుంటే 19. ఇది గరిష్ఠపు లెక్క, నిజానికి కొంత తక్కువే ఉంటుంది. కానీ తీగ గేజి ఎప్పుడూ గరిష్ఠానికే చూసుకోవాలి కదా.

మొదటి రెండు నెలలూ స్వర్గం. ఏప్రిల్ చివర ఎండలు ముదిరాక యంత్రం దానంతటదే రీస్టార్ట్ కావడం మొదలుపెట్టింది. ఇక్కడే నేను చేసిన అసలు తప్పు ఉంది. నేను చదివిన పాఠాలన్నీ ఓవర్‌క్లాకు నిలవకపోతే ప్రాసెసరు వోల్టేజి కొంచెం పెంచమన్నాయి. పెంచాను. ఒక రోజు బాగుండేది, మళ్ళీ మొదలు. మళ్ళీ పెంచాను. పెంచినకొద్దీ డబ్బా మీద భారం పెరుగుతోంది, 12 వోల్టులు మరింత కుంగుతోంది, ఆ కుంగుబాటును నేను ప్రాసెసరు బలహీనత అనుకుని ఇంకా పెంచుతున్నాను. ఆకలితో సొమ్మసిల్లినవాడి నెత్తిన మూట మీద మూట పెట్టినట్టు. సాయంత్రం మా వీధిలో వోల్టేజి 180కి దిగేది. ఎస్‌ఎంపీఎస్ కూడా అప్పుడు మోటారులాగే ఎక్కువ కరెంటు లాగి కాగిపోయేది.

ఒకరోజు నాన్న తన మల్టీమీటరు తెచ్చి పసుపు తీగ, నల్ల తీగ మధ్య పెట్టమన్నాడు. 11.9 చూపించింది. చూశావా, బాగానే ఉంది అన్నాను. "లోడు వేసి చూడు. ఖాళీగా ఉంటే ఏ ట్రాన్స్‌ఫార్మరైనా బాగానే ఉంటుంది" అన్నాడు. రెండు కోర్లకూ పూర్తి పని అప్పజెప్పగానే ముల్లు 11.2 దగ్గరికి జారింది. ప్రమాణం ప్రకారం అయిదు శాతం వరకే, అంటే 11.4 దాకానే దిగవచ్చు. నాన్న ఏమీ అనలేదు. వచ్చే నెల మార్చుదాంలే అని నేనే అన్నాను.

వచ్చే నెల రాలేదు. మే నెలలో ఒక రాత్రి చిన్న టపాకాయ పేలినట్టు చప్పుడైంది. కరెంటు ఆపేలోపే ముందు గదిలోంచి నాన్న గొంతు వినిపించింది, "ఏదో కాలింది". పాతికేళ్ళుగా ఆ వాసన మీద బతికినవాడు! డబ్బాతో పాటు బోర్డూ హార్డు డిస్కూ పోయాయి. చవక ప్రాసెసరు మాత్రం విచిత్రంగా బతికింది. నేను రాసుకున్నవాటిలో బ్లాగులో పెట్టినవి మిగిలాయి, పెట్టనివి పోయాయి. నాన్న కోప్పడి ఉంటే బాగుండేదని ఆ రాత్రంతా అనుకున్నాను.

మరునాడు ఇద్దరం కలిసి ఆ డబ్బాను విప్పాం. కరెంటులోని ఒడుదొడుకులను వడగట్టే చోక్ కాయిలు ఉండవలసిన చోట, దాని బొమ్మ మాత్రం అచ్చువేసిన బోర్డు మీద, రెండు తీగముక్కలు అతికించి ఉన్నాయి. పెద్ద కెపాసిటరు ఉబ్బి పైకప్పు విచ్చుకుంది. వేడిని లాగవలసిన అల్యూమినియం రేకు పలకలు పోస్టుకార్డంత పలచగా ఉన్నాయి.

ఆగస్టులో పని మీద హైదరాబాదు వెళ్ళినప్పుడు సికిందరాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరులో గంటసేపు డబ్బాల మీది అంకెలు చదువుతూ నిలబడ్డాను. చివరికి రూ. 2,600కు 400 వాట్లది ఎంచుకున్నాను. 12 వోల్టుల మీద 30 ఆంపియర్లు అని రాసి ఉంది, ఆ ఒక్క అంకె కోసమే కొన్నాను. పాతదానికన్నా 50 వాట్లు తక్కువ, ధర ఎక్కువ అని తెలిస్తే నాన్న ఏమంటాడోనని భయం లేకపోలేదు. 2004లో మొదలైన 80 ప్లస్ ముద్ర కూడా దానికి ఉంది. అయితే ఆ ముద్ర వృథా ఎంత తక్కువో చెబుతుంది. ఆ కొలతలు 23 డిగ్రీల చల్లని గదిలో తీసినవి కాబట్టి మా ఊరి మే నెల గురించి ఏమీ చెప్పదు. డబ్బా ఏ వేడి దగ్గర అంత శక్తి ఇస్తుందో రాశారా లేదా అని చూడటం అప్పుడు నేర్చుకున్నదే.

ఇప్పటి ప్రాసెసర్లు తమ వేగాన్ని తామే పెంచుకుంటున్నాయి, మన చేతి అవసరం పెద్దగా లేదు. గ్రాఫిక్స్ కార్డులు క్షణకాలం ఎంత లాగుతాయంటే, 2022లో వచ్చిన ఏటీఎక్స్ 3.0 ప్రమాణం సరికొత్త కార్డుల ప్లగ్గు ఉన్న పెద్ద సప్లైలను తమ స్థాయికి రెట్టింపు భారాన్ని సెకనులో పదివేలవ వంతు సేపు మోయమంటోంది. అంకెలు మారాయి. దుకాణాల్లో నీలం దీపాల స్థానంలో ఏడు రంగుల దీపాలు వచ్చాయి.

కొత్త డబ్బా ఇంటికి తెచ్చిన రోజు నాన్న మళ్ళీ అరచేతిలో పెట్టుకుని ఊపాడు. ఏమీ అనకుండా తిరిగి ఇచ్చి, స్క్రూడ్రైవరు అందించాడు. కాలిన డబ్బాలోని ఫ్యానును మాత్రం అప్పటికే విప్పి, పాత ట్రాన్సిస్టరు రేడియో ఎలిమినేటరుకు తగిలించి, టంకం పొగ మొహాన కొట్టకుండా తన బల్ల మీద పెట్టుకున్నాడు.

"దీంట్లో ఇదొక్కటే సరైన సరుకురా" అన్నాడు. దుకాణం మూసేసేదాకా అది అక్కడే తిరిగింది.