తుప్పు పట్టిన బోల్టు

తలిదండ్రులారా, నా తప్పు ఒకటి చెబుతాను.

ఇంటర్ తప్పిన మా అబ్బాయిని దిల్‌సుఖ్‌నగర్ కోచింగుకు పంపుతూ రోజూ గద్దించేవాణ్ణి. వాడు మాటలు మానేశాడు.

షెడ్డులో మా నాన్నగారి స్టాండర్డ్ హెరాల్డ్ ఉంది. 1961 నుండి మద్రాసులో తయారైన కారది. 1962లో ఇంగ్లండులో వచ్చిన ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ స్పోర్ట్స్ కారుకూ హెరాల్డ్ ఛాసిసే ఆధారం. ఇద్దరం బాగుచేయబూనాం. తొలి బోల్టే నా చేతిలో విరిగింది.

ఎల్.బి.నగర్ దాటి ఆటోనగర్ వెళ్లాం. “నూనె పోసి రాత్రంతా ఉంచాలి సార్, బలవంతం చేస్తే విరుగుతుంది” అన్నాడు మేస్త్రీ.

తిరుగుదారిలో ఎల్.బి.నగర్‌లో మెట్రో ఎక్కాం. విక్టోరియా మెమోరియల్, చైతన్యపురి దాటాయి. దిల్‌సుఖ్‌నగర్ వస్తుండగా, “లెక్కలు మొదటినుండీ అర్థం కావట్లేదు నాన్నా” అన్నాడు. గద్దించకుండా విన్నాను.

కారు ఇంకా కదలలేదు. సాయంత్రమైతే స్పానరు పట్టుకొని అబ్బాయే నన్ను పిలుస్తున్నాడు.