చేబ్రోలు నుంచి చిత్రనగరికి

మా చేబ్రోలులో చూడదగ్గవి లేవని ఎవరూ అనలేరు. కోనేటి నడుమ చతుర్ముఖ బ్రహ్మకు గుడి ఉంది. దాన్ని కట్టించిన వాసిరెడ్డి వెంకటాద్రినాయుడిగారి పేరు నేటికీ ఊరివారి నోట మెదులుతూనే ఉంది. కాకతి గణపతిదేవుని గజసేనాధిపతి, ‘నృత్తరత్నావళి’ కర్త అయిన జాయపసేనాని శాసనం ఉంది. క్రీ. శ. 207 నాటి శాతవాహన విజయుని సంస్కృత శాసనం ఒకటి ఇక్కడ దొరికిందని 2019లో పత్రికలన్నీ రాశాయి. అయితేనేం? సెలవులు దగ్గరపడేసరికి ఇంట్లో పిల్లలు అడిగేది వీటిని గురించి కాదు. ‘‘ఫిల్మ్ సిటీకి ఎప్పుడు నాన్నా?’’ అని. బ్రహ్మగారికి నాలుగు ముఖాలున్నాయి గనుక నలుగురికీ ఒకేసారి సమాధానం చెప్పగలడు. ఇంటి యజమానికి ఆ సౌకర్యం లేదు.

ఫిల్మ్ సిటీ అంటే 1996లో రామోజీరావుగారు నెలకొల్పిన చిత్రనగరం. ప్రపంచంలోకెల్లా పెద్ద సినిమా స్టూడియో సముదాయమని గిన్నిస్ పుస్తకానికి ఎక్కింది. దాన్ని చూడబోవడం మా బోటివాళ్ళకు ఏటేటా పడే ఖర్చు కాదు. ఐదుగురికి టిక్కెట్లు, కారు కిరాయి, బస, భోజనాలు — అన్నీ కలిపితే ఒక మోస్తరు పండగ ఖర్చు. అంతా పోసి, తీరా అక్కడ సగం రోజు ముందువాడి వీపు చూస్తూ నిలబడి వస్తే ఏం ప్రయోజనం? కాబట్టి బయలుదేరే ముందు కాస్త లెక్క వేసుకోవాలి. నేను చెప్పేది తెలుగు పాఠమే అయినా, ఈ లెక్క మాత్రం ఎవరికైనా వస్తుంది.

ఒక ఆటబండిలో ఇరవైమంది పడతారనుకోండి. ఎక్కడం, తిరగడం, దిగడం కలిపి ఐదు నిమిషాలు. అంటే గంటకు 240 మంది. ఆ గంటలో 300 మంది వచ్చారా, అరవైమంది మిగిలిపోతారు. రెండో గంటకు ఆ మిగులు 120 అవుతుంది. అప్పుడు వచ్చి నిలబడినవాడికి అరగంట పడిగాపులు. గేటు తెరవగానే వచ్చినవాడికి అదే ఆట దగ్గర నిలబడే పనే లేదు. ఇద్దరూ ఇచ్చింది ఒకటే డబ్బు. తేడా అల్లా రెండు గంటల నిద్ర!

ఈ రహస్యం తెలిశాక మొదటి నిర్ణయం ప్రయాణం గురించి. చేబ్రోలు నుంచి గుంటూరు, పిడుగురాళ్ళ, మిర్యాలగూడ, నల్లగొండ మీదుగా నార్కెట్‌పల్లి దగ్గర విజయవాడ–హైదరాబాదు రోడ్డు ఎక్కవచ్చు. లేదా తిన్నగా విజయవాడ, సూర్యాపేటల మీదుగానే పోవచ్చు. ఎటు పోయినా ఐదారు గంటల మాట. మనవైపు నుంచి వెళ్ళేవారికి ఒక అదృష్టం ఉంది. ఫిల్మ్ సిటీ హైదరాబాదు చేరకముందే, అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర, ఎడమచేతివైపు వస్తుంది. రైలులో వెళితే సికింద్రాబాదులో దిగి, మళ్ళీ ఊరంతా దాటుకుని వెనక్కి రావాలి. అలాగని తెల్లవారుజామున ఇంట్లో బయలుదేరితే చేరేసరికి మిట్టమధ్యాహ్నం. జనమంతా లోపల ఉన్న వేళ. అంచేత ముందురోజు సాయంత్రానికే హయత్‌నగర్ వైపు బస చూసుకోవడం ఉత్తమం. ఆ బస ఖర్చును క్యూలో మిగిలిన గంటలతో జమకట్టుకోండి.

రెండోది రోజు. ఆదివారాలు, రెండో శనివారాలు, దసరా సంక్రాంతి సెలవులు వద్దు. డిసెంబరు, జనవరి నెలల్లో మామూలు రోజుల్లో కూడా బడిపిల్లల విహారయాత్రలు ఉంటాయి. బళ్ళు తెరిచాక, జూలై ఆగస్టులలో, ఏ మంగళవారమో బుధవారమో అయితే ఎండా మెత్తగా ఉంటుంది, జనమూ పలచగా ఉంటారు. పిల్లలకు ఒకరోజు బడి పోతుంది. మేష్టరునై ఉండి ఈ మాట అంటున్నానని నలుగురికీ చెప్పకండి.

మూడోది వరస. లోపల రెండు రకాల వినోదాలున్నాయి. పోట్లాటల ప్రదర్శనలు, నాటకశాలలోని ఆటలు ఒకేసారి వందలమందిని మింగుతాయి. వాటికి వేళ ఉంటుంది గాని బారెడు క్యూ ఉండదు. గిరగిర తిరిగే ఆటలలో పదీ ఇరవైమందే పడతారు. క్యూ అంతా అక్కడే. కాబట్టి చిన్న ఆటలు పొద్దున్నే కానిచ్చి, ప్రదర్శనలు మధ్యాహ్నానికి పెట్టుకోవాలి. లోపలికి పోగానే ప్రదర్శనల వేళలు ఒక కాగితం మీద రాసుకోండి. భోజనం పన్నెండు కొట్టకముందే ముగించండి. పిల్లల ఎత్తు ఇంట్లో గుమ్మం దగ్గరే కొలిచి ఉంచుకోండి. కొన్ని ఆటలకు ఎత్తు నియమం ఉంటుంది. అరగంట నిలబడ్డాక వెనక్కి పంపితే ఆ పిల్లవాడి ముఖం చూడలేం.

డబ్బు ఎక్కువ ఇస్తే ముందుగా పంపే టిక్కెట్లూ ఉన్నాయి. 2016లో హైదరాబాదు శివార్లలో, రావిర్యాల దగ్గర తెరిచిన వండర్‌లాలో అటువంటివి అమ్ముతారు. తిరుమలలో మూడువందల రూపాయల దర్శనం తెలిసినవారికి ఇది వింత కాదు. అమెరికాలో 1955లో తెరిచిన డిస్నీల్యాండువారు, ఫలానా గంటకు రమ్మని చీటీ ఇచ్చి పంపే పద్ధతిని 1999లో పెట్టారు. మన తిరుమలలో చేతికి కంకణం కట్టి, వేళ చెప్పి పంపిన సుదర్శనం పద్ధతి కూడా ఆ కోవలోదే. జనం ఉన్నరోజున ఆ అధికపు రుసుము దండగ కాదు. పలచని రోజున మాత్రం వృథా.

ఇన్ని లెక్కలలోనూ ఇమడని మనిషి ఇంటింటా ఒకరుంటారు. మా ఇంట్లో అమ్మ. డెబ్భై రెండేళ్ళు, మోకాళ్ళ నొప్పులు. ‘‘నాకేం ఎక్కాలని లేదురా. మీరు తిరిగిరండి, నేను సంచులు చూస్తూ కూచుంటాను,’’ అంది బయలుదేరకముందే. ఏ వినోదశాలకు పోయినా చెట్టుకింద సంచులమధ్య ఇటువంటి అమ్మలు, అత్తలు కనిపిస్తారు. వారికీ టిక్కెట్టు కొన్నాం. వారు చూసింది మాత్రం మన చెప్పులు. మా ఆవిడ ఊరుకోలేదు. ‘‘అలా కాదత్తయ్యా, మీరూ ఒకటి కోరుకోండి,’’ అంది. చివరికి అమ్మ బాహుబలి కోట చూడాలంది. టీవీలో ఆ సినిమా ఎన్నిసార్లు చూసిందో!

దాంతో మా పథకమే మారింది. ఐదుగురం తలా ఒకటి కోరుకున్నాం. ఆ ఐదూ తప్పనిసరి. మిగతావి దొరికితే దొరికినట్టు. సంచులు రెండుకు మించకూడదు, కాపలా వంతులవారీగా. ఊరు చూపించే బస్సులో అమ్మ కిటికీ ప్రక్కన కూచుంది. ఒకవైపు నుంచి ఒకటిగా, మరోవైపు నుంచి ఇంకొకటిగా కనిపించే సెట్టు భవనాలను చూసి, ‘‘మన గుళ్ళో నాలుగు ముఖాలూ ఒక్క దేవుడివేరా. ఇక్కడ ఒక్కో ఇంటికి ఇన్ని ముఖాలా!’’ అని పకపక నవ్వింది. బస్సులో ముందు సీటువాళ్ళు కూడా నవ్వారు. ఆ రోజు మేము ఎక్కని ఆటలు నాలుగైదు మిగిలిపోయాయి. పిల్లలు వాటి పేర్లయినా మళ్ళీ ఎత్తలేదు.

కాబట్టి పాఠకులారా, ప్రయాణం కట్టేముందు ఎన్ని ఆటలున్నాయని కాక, ఇంట్లో ఎంతమంది ఉన్నారని లెక్కపెట్టండి. తలకొక కోరిక కాగితం మీద రాయండి. ఆ జాబితాలో మొదటి పేరు, ఏమీ అక్కర్లేదన్నవారిదై ఉండాలి.