పాత మెట్లు, పాపాఘ్ని నీళ్లు

ఎప్పుడైనా కడప నుంచి ఎర్రగుంట్ల వైపు బస్సెక్కితే కిటికీ పక్కన కూర్చోండి. కమలాపురం దగ్గరపడేసరికి పాపాఘ్ని కనిపిస్తుంది. కర్ణాటకలో నంది కొండల వైపు పుట్టిన ఈ ఏరు మా ఊరి దగ్గరే పెన్నలో కలుస్తుంది. ఏడాదిలో చాలా రోజులు నీళ్లకన్నా ఇసుకే ఎక్కువ. "ఏరంటే ఇదేనా?" అని పెదవి విరవకండి. 2021 నవంబరు వరదల్లో ఇక్కడి వంతెనను కూల్చేసింది ఈ ఏరే!

నేను ఈ ఊరి కోడలినై పాతికేళ్లు దాటింది. మా అత్త కాపురానికొచ్చిన కొత్తలో తాగే నీళ్లు ఈ ఇసుకలోనివే. తెల్లారకముందే ఆడవాళ్లు బిందెలతో ఏట్లోకి దిగేవాళ్లట. చేతులతో ఇసుక తోడి చెలమ తీస్తే మొదట బురద నీళ్లొస్తాయి. అవి పారబోసి, ఊట తేటపడేదాకా కూర్చుని, కొబ్బరి చిప్పతో ముంచి బిందె నింపుకోవాలి. ఎండలు ముదిరేకొద్దీ చెలమ లోతు పెరిగేది. పొద్దెక్కితే ఇసుక పెనంలా కాలేది. అత్త అరికాళ్ల పగుళ్లు చూస్తే ఆ రోజుల గురించి వేరే చెప్పక్కర్లేదు.

పోయిన వేసవిలో మా బావగారి అమ్మాయి అమెరికా నుంచి ఫోన్ చేసింది. "చిన్నమ్మా, ఇక్కడ పాత చెప్పులిచ్చి పేద దేశాలకు నీళ్లు పంపుతున్నారు" అంది. చెప్పులేమిటి, నీళ్లేమిటి అని నవ్వాను. తర్వాత సంగతి తెలిసింది. కెంటకీ రాష్ట్రం లూయీవిల్‌లో వాటర్‌స్టెప్ అనే సంస్థ ఉంది. జనం వాడి పక్కన పెట్టిన బూట్లు, చెప్పులు పోగు చేసి ఎగుమతి వ్యాపారులకు అమ్ముతుంది. అవి బయటి దేశాల్లో చిన్న చిన్న అంగళ్లకు చేరతాయి. వచ్చిన డబ్బును నీటి పనులకు వాడతారు. నీళ్లు శుద్ధిచేసే పరికరాలు ఇస్తారు, చేతిపంపు చెడితే అక్కడివాళ్లే బాగుచేసుకునేలా నేర్పుతారు. బోరు వేసి వెళ్లిపోతే సరిపోదు కదా! పంపు చెడితే మళ్లీ ఆడవాళ్లే బిందె ఎత్తుకోవాలి.

పక్కనే కూర్చుని వింటున్న మా అత్త అంది: "నీళ్లకు పోయేటోళ్ల కాళ్లకు మెట్లు లేకపాయ. మెట్లుండేటోళ్లు నీళ్లకు పోకపాయ. ఇప్పుడన్నా ఆ మెట్లు నీళ్లకు పోతాండాయిలే!" మా వైపు చెప్పుల్ని మెట్లంటాం. నాకు నోట మాట రాలేదు.

మన దేశంలోనూ ఇలాంటిదొకటి ఉంది. అంశు గుప్తా 1999లో ఢిల్లీలో మొదలుపెట్టిన గూంజ్ సంస్థ పట్నాల్లో వాడిన బట్టలు, చెప్పులు, సామాన్లు సేకరిస్తుంది. పల్లెజనం తమ ఊరికి ఏది అవసరమో తామే తేల్చుకుని బావి తవ్వుకుంటారు, చెరువు పూడిక తీసుకుంటారు. ఆ కష్టానికి బదులుగా ఈ వస్తువులు తీసుకుంటారు. చెయ్యి చాపి తీసుకున్నది కాదు, చెమటోడ్చి సంపాదించుకున్నది. ఆయనకు 2015లో రామన్ మెగసెసే అవార్డు వచ్చింది.

ఆ సాయంత్రమే మంచం కింద, అటక మీద వెతికితే మా ఐదుగురి ఇంట్లో పదకొండు జతలు ఊరికే పడున్నాయి. మీరూ ఒకసారి చూడండి. ఇచ్చే ముందు తడిగుడ్డతో తుడిచి నీడన ఆరబెట్టండి. తెగిన వారు కుట్టించండి. రెండూ కలిపి దారంతో కట్టండి, ఒకటి తప్పిపోతే రెండోది ఎవరికీ పనికిరాదు. అరిగిపోయినవి దానం చెయ్యకండి. మన చెత్త ఇంకొకరి గుమ్మంలో వెయ్యడం పుణ్యం కాదు.

వాటిలో మెత్తని జత ఒకటి అత్త కాళ్లకు సరిపోయింది. మరుసటి ఆదివారం అవి తొడిగి ఏటి దగ్గరికి తీసుకెళ్లాను. ఇసుక మొదలయ్యేచోట ఆమె ఆగి, రెండూ విప్పి చేత పట్టుకుంది.

"కాళ్లు కాల్తాయత్తా, వేసుకో" అన్నాను.

"ఇవేసుకుని ఎట్ల దిగేదమ్మా? మనం తాగిన నీళ్లు" అంది.

నేనూ నావి విప్పేశాను.