ఉత్త గిన్నె

విశాఖ పాతపట్నంలో పొద్దున్నే కిటికీ చువ్వ మీద వేలు రాస్తే చాలు, పోర్టులో ఏ సరుకు కదులుతోందో తెలిసిపోయేది. ఎర్రగా అంటితే ఇనుప ఖనిజం, నల్లగా అంటితే బొగ్గు. ల్యాబ్‌లో నా పనీ దాదాపు అదే. పంపు గాలిని లాగేది, తెల్లటి ఫిల్టర్ టేపు మీద గుండ్రటి మచ్చ పడేది. మచ్చ ఎంత నల్లబడితే గాలిలో అంత మసి. ఏళ్ల తరబడి ఆ మచ్చలు చూసి, మా ఊరి ఆకాశం నాకు తెలుసనుకున్నాను.

2006 మార్చి నుంచి మే దాకా ఇస్రో ‘ఐకార్బ్’ పేరుతో గాలిలోని ధూళిని కొలిపించింది. నేల మీద కేంద్రాలు, సముద్రంలో సాగర్ కన్య ఓడ, పైన హైదరాబాద్ జాతీయ రిమోట్ సెన్సింగ్ సంస్థ వారి చిన్న బీచ్‌క్రాఫ్ట్ విమానం. మామూలుగా నేలను ఫొటోలు తీసే ఆ విమానం శాస్త్రవేత్తల పరికరాలు ఎక్కించుకుని భువనేశ్వర్, చెన్నై వంటి తీర నగరాల నుంచి ఎగిరింది. సుమారు 3 కిలోమీటర్ల ఎత్తు దాకా మెట్టు మెట్టుగా కొలిచింది. కొన్నిచోట్ల కింద కంటే పైనే ధూళి చిక్కగా ఉందని తేలింది. నా టేపుకి ఎన్నేళ్లైనా అందని పొర అది.

అలాంటి విమానంలో బరువుకి లెక్క, కరెంటుకి లెక్క, ఎగిరే ప్రతి గంటకీ లెక్క. ఒక్క విశ్వవిద్యాలయం కొని పోషించగలిగేది కాదు. పదిమందీ పంచుకుంటేనే ఎగురుతుంది. అయితే పైనున్న మసి ఊరిదా, ఎక్కడి నుంచో కొట్టుకొచ్చిందా అని తేల్చాలంటే కింది కొలత కూడా కావాలి. నా కొలతలేమో నా కంప్యూటర్‌లోనే ఉండేవి. పేపరు అచ్చయ్యాక ఇద్దాంలే అనుకునేవాణ్ని. పేపరు పూర్తికాలేదు. అడిగినవాళ్లకి అంకెలు సమయానికి చేరలేదు. ఆ తప్పు నాదే.

నిజానికి కొలతల్ని పంచుకోవాలన్న పాఠం మా ఊరికి కొత్త కాదు. 1952లో అమెరికా సముద్ర శాస్త్రవేత్త లఫాండ్ ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చాక, ఇక్కడివాళ్లు నౌకాదళ ఓడలెక్కి బంగాళాఖాతాన్ని కొలిచారు. ఆ కొలతల్ని దాచుకోలేదు, అచ్చువేసి అందరి ముందూ పెట్టారు.

పక్కింటి నుంచి కూర వస్తే మా అమ్మ ఆ గిన్నెను ఎప్పుడూ ఉత్తగా తిరిగి పంపేది కాదు. ఇంట్లో ఏమీ లేనినాడు గుప్పెడు కరివేపాకైనా వేసేది. ఇప్పుడు నెల తిరగ్గానే నా అంకెలు అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ పంపేస్తున్నాను.